దుకాణం విస్తరణ, నగరం షరతు: ప్లానింగ్ కమిషన్ చూపవలసిన కొలత

నగర ప్రణాళిక మీద స్మారకోపన్యాసం అనగానే కొత్త రాజధానుల నిర్మాణం, మెట్రో మార్గాలు, మహానగరాల జనాభా అంచనాలు చర్చకు వస్తాయని సభికులు ఎదురుచూడటం సహజం. ఈ ఉపన్యాసం అటువంటి పెద్ద విషయాలను పక్కన పెట్టి, అమెరికాలోని ఒక చిన్న పట్టణపు ప్రధాన వీధిలో ఉన్న ప్లంబింగ్, విద్యుత్ సామాన్ల దుకాణం విస్తరణ కోసం పెట్టుకున్న దరఖాస్తును విషయంగా తీసుకుంటుంది. పుస్తకంలో ఉన్నంతకాలం ప్రణాళిక ఎవరినీ నొప్పించదు. ఒక స్థలం మీద, ఒక యజమాని మీద, ఒక వ్యాపారం మీద అది అమలైన రోజునే దాని న్యాయాన్యాయాలు బయటపడతాయి. ఆ రోజున నగరం తరఫున మొదట మాట్లాడేది న్యాయస్థానం కాదు, ప్లానింగ్ కమిషన్ అనే పౌరుల సంఘం.

అనుమతి ఇచ్చేటప్పుడు షరతులు పెట్టే అధికారం నగరానికి ఉందా అన్న ప్రశ్నకు ఉందనే జవాబు దాదాపు నూరేళ్ల కిందటే స్థిరపడింది. ఆ షరతు ఎంత బరువుగా ఉండవచ్చు, ఆ బరువు సరైనదేనని రుజువు చేయవలసింది నగరమా, దరఖాస్తుదారా అన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. పట్టణం మొత్తానికి వర్తించే నియమాన్ని రూపొందించేటప్పుడు కమిషన్‌కు శాసనకర్తకు ఉండేంత స్వేచ్ఛ ఉండవచ్చుగాని, ఒకే దరఖాస్తును విచారించేటప్పుడు అది న్యాయమూర్తి స్థానంలో ఉంటుంది కనుక, తాను కోరే ప్రతి అడుగు భూమికీ కారణాన్నీ కొలతనూ తన ఉత్తర్వులోనే చూపి తీరాలన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే విషయం.

విచక్షణ నుంచి నియమానికి

జోనింగ్ అంటే నగర భూమిని మండలాలుగా విభజించి, ఏ మండలంలో నివాసాలు, ఏ మండలంలో వ్యాపారాలు, ఏ మండలంలో పరిశ్రమలు ఉండవచ్చో, కట్టడాలు ఎంత ఎత్తుకు లేవవచ్చో, స్థలంలో ఎంత భాగాన్ని ఖాళీగా వదలాలో ముందుగానే చట్టంలో చెప్పి ఉంచడం. అలా ముందుగా చెప్పని చోట అనుమతి అధికారం ఏ రూపం తీసుకోగలదో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 1880లో చేసిన ఒక నిబంధన చూపింది. ఇటుకతోగాని రాతితోగాని కట్టని భవనంలో లాండ్రీ నడపాలంటే నగర పర్యవేక్షక మండలి సమ్మతి పొందాలని ఆ నిబంధన చెప్పింది కాని, ఏ ప్రాతిపదిక మీద సమ్మతి ఇవ్వాలో, ఏ ప్రాతిపదిక మీద నిరాకరించాలో చెప్పలేదు. నగరంలో ఉన్న సుమారు 320 లాండ్రీలలో 310 దాకా చెక్క భవనాల్లోనే నడుస్తుండగా, చైనా దేశీయులు పెట్టుకున్న రెండు వందలకు పైగా దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి, ఇతరులు పెట్టుకున్న ఎనభై దరఖాస్తుల్లో ఒక్కటి తప్ప అన్నీ మంజూరయ్యాయి. ఇరవై రెండేళ్లుగా ఒకే చోట లాండ్రీ నడుపుతూ, అగ్నిమాపక, ఆరోగ్య అధికారుల ధ్రువపత్రాలు కూడా ఉన్న వ్యాపారి పక్షాన అమెరికా సుప్రీంకోర్టు 1886లో, యిక్ వో వర్సెస్ హాప్కిన్స్ వ్యాజ్యంలో, పైకి అందరికీ సమానంగా కనిపించే నియమాన్ని వివక్షతో అమలు చేస్తే అది రాజ్యాంగం హామీ ఇచ్చిన సమాన రక్షణకు భంగమేనని తీర్పు చెప్పింది. చిన్న వ్యాపారి భవిష్యత్తును కారణం చెప్పనవసరం లేని విచక్షణకు వదిలితే జరిగేది ఏమిటో ఆ వ్యాజ్యం నమోదు చేసింది.

ఆ తరువాతి అర్ధశతాబ్దంలో విచక్షణ స్థానంలోకి ప్రణాళిక, నియమం వచ్చాయి. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరం 1907లో శాశ్వత ప్లానింగ్ కమిషన్‌ను ఏర్పరచింది, న్యూయార్క్ 1916లో నగరమంతటికీ వర్తించే జోనింగ్ శాసనాన్ని చేసింది. హెర్బర్ట్ హూవర్ వాణిజ్య మంత్రిగా ఉన్న కాలంలో ఆ శాఖ 1920లలో రెండు నమూనా చట్టాలను తయారుచేయించింది. వాటిలో ఒకటి జోనింగ్ అధికారాన్ని నగరాలకు ఇవ్వడానికి, రెండవది నగర ప్రణాళికను రూపొందించే కమిషన్లను నెలకొల్పడానికి ఉద్దేశించినవి. 1928 నాటి రెండవ నమూనా ప్రకారం కమిషన్‌లో తొమ్మిదిమంది సభ్యులుంటారు; మేయరు, ఒక పాలనాధికారి, నగర మండలి సభ్యుడు ఒకరు పోగా మిగిలిన ఆరుగురినీ మేయరు పౌరులనుంచి నియమిస్తారు. ప్రణాళికను ఎన్నికల వేడి నుంచి కొంత దూరంగా, నిపుణుల చేతిలో పూర్తిగా పెట్టకుండా, బాధ్యత గల సామాన్య పౌరుల చేతిలో ఉంచాలన్న ఆలోచన ఈ అమరికలో ఉంది.

ఈ వ్యవస్థకు రాజ్యాంగబలం 1926లో, క్లీవ్‌లాండ్ శివారులోని యూక్లిడ్ గ్రామానికి సంబంధించిన వ్యాజ్యంలో లభించింది. తన 68 ఎకరాల భూమిని మండలాలుగా విభజించడం వల్ల దాని విలువ పడిపోయిందని ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ వాదించగా, ప్రజల ఆరోగ్యం, భద్రత, సాధారణ క్షేమం కోసం ఆస్తి వినియోగాన్ని నియంత్రించే సహజాధికారం, అంటే అమెరికా న్యాయపరిభాషలో పోలీసు అధికారం అనబడేది, జోనింగ్‌కు సరిపోతుందని సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో చెప్పింది. భూసేకరణలో ప్రభుత్వం భూమిని తీసుకుని పరిహారం చెల్లిస్తుంది. పోలీసు అధికారం కింద మాత్రం భూమి యజమాని దగ్గరే ఉంటుంది, దాన్ని వాడే తీరు మాత్రమే నియంత్రణకు లోబడుతుంది, అందువల్ల మామూలుగా పరిహారం ఉండదు. ఈ రెండు అధికారాల మధ్య ఉన్న సరిహద్దు మీదనే తరువాతి వివాదాలన్నీ తలెత్తాయి.

దరఖాస్తు నడిచే దారి

అమెరికా పట్టణంలో ఒక చిన్న వ్యాపారి కొత్తగా కట్టదలచినా, ఉన్నదాన్ని పెంచదలచినా అతని దరఖాస్తు సాధారణంగా నాలుగు తరగతుల్లో ఒకదానిలో పడుతుంది. ఆ మండలంలో ఆ వ్యాపారం నేరుగా అనుమతించబడినదైతే కట్టడపు కొలతలు, పార్కింగ్, మురుగునీటి పారుదల వంటివి సరిచూస్తే చాలు. కొన్ని వ్యాపారాలు ఆ మండలంలో ఉండవచ్చుగాని పొరుగువారికి ఇబ్బంది కలగకుండా షరతులతో మాత్రమే ఉండాలి. దీన్ని షరతులతో కూడిన వినియోగ అనుమతి అంటారు. స్థలం ఆకారం వంటి ప్రత్యేక కారణాల వల్ల నియమాన్ని అక్షరాలా పాటించడం అనవసరపు కష్టమైనప్పుడు కోరేది వేరియన్స్, అంటే నియమం నుంచి మినహాయింపు. వీటన్నిటికీ మించినది మండలాన్నే మార్చమని కోరడం.

మొదట చెప్పిన దుకాణం ఉన్న చిన్న పట్టణం టైగార్డ్; అది ఉన్న ఒరెగన్ రాష్ట్రంలో ఈ దారిని చట్టం చాలా వివరంగా గీసింది. పట్టణ కమిషన్‌లో స్థిరాస్తి క్రయవిక్రయాలే ప్రధాన వృత్తిగా ఉన్న సభ్యులు ఇద్దరికి మించరాదు. దరఖాస్తు సంపూర్ణంగా అందిన తరువాత మామూలుగా 120 రోజుల్లో నగరం తుది నిర్ణయం చేయాలి. సిబ్బంది దరఖాస్తును నియమావళితో పోల్చి నివేదిక తయారుచేస్తారు, పొరుగు ఆస్తుల యజమానులకు నోటీసు వెళుతుంది, బహిరంగ విచారణలో అనుకూలురూ ప్రతికూలురూ మాట్లాడతారు, చివరకు కమిషన్ కొన్ని నిర్ధారణలతో, అంటే ఏ ప్రమాణానికి ఏ వాస్తవం ఎలా సరిపోయిందో చెప్పే లిఖితపూర్వక కారణాలతో, ఉత్తర్వు ఇస్తుంది. దాని మీద నగర మండలికి, అక్కడినుంచి 1979లో ఏర్పడిన భూవినియోగ అప్పీళ్ల మండలికి, ఆపైన న్యాయస్థానాలకు వెళ్లవచ్చు. అయితే అప్పీళ్ల మండలికి 21 రోజుల్లో వెళ్లాలి, కింది విచారణలో లేవనెత్తని అభ్యంతరాన్ని పైన లేవనెత్తడానికి వీలుండదు. న్యాయవాది లేకుండా విచారణకు వచ్చే చిన్న వ్యాపారి మాటల్లో చెప్పక వదిలేసిన అంశం అతనికి శాశ్వతంగా చేజారవచ్చు.

ఈ విచారణ స్వభావం ఏమిటో ఒరెగన్ సుప్రీంకోర్టు 1973లోనే, టైగార్డ్ ఉన్న వాషింగ్టన్ కౌంటీకే సంబంధించిన ఫసానో వ్యాజ్యంలో తేల్చింది. ప్రజలందరికీ వర్తించే విధానాన్ని రూపొందించడం శాసన కార్యమైతే, ఆ విధానాన్ని ఒక నిర్దిష్ట స్థలానికి అన్వయించడం న్యాయనిర్ణయానికి దగ్గరైన పని అనీ, అందువల్ల సంబంధితులకు తమ మాట చెప్పుకొనే అవకాశం, ఎదుటి సాక్ష్యాన్ని ఖండించే అవకాశం, నిష్పక్షపాతులైన నిర్ణేతలు, చాలినన్ని నిర్ధారణలు ఉండాలనీ ఆ కోర్టు చెప్పింది. అదే ఏడాది ఒరెగన్ శాసనసభ రాష్ట్రమంతటా నగరాలూ కౌంటీలూ సమగ్ర ప్రణాళికలు తయారుచేసుకోవాలని ఆదేశించే చట్టాన్ని తెచ్చింది. అంటే ఆ రాష్ట్రం ప్రణాళికకు ఇచ్చిన బలం, ప్రణాళికను అన్వయించేవారి మీద పెట్టిన బాధ్యత ఒకే సంవత్సరంలో పుట్టాయి.

టైగార్డ్‌లో దుకాణం, వాగు, బాట

పోర్ట్‌లాండ్ నగరానికి నైరుతి అంచున ఉన్న టైగార్డ్‌లో 1990ల ఆరంభంలో సుమారు 30,000 మంది నివసించేవారు. పట్టణ కేంద్ర వ్యాపార మండలంలో, మెయిన్ స్ట్రీట్ మీద, 1.67 ఎకరాల స్థలంలో, అంటే ఎనిమిది వేల చదరపు గజాలకు కాస్త పైబడిన స్థలంలో, తూర్పు వైపున సుమారు 9,700 చదరపు అడుగుల దుకాణం ఉండేది; పార్కింగ్‌కు కంకర పరచిన నేల వాడేవారు. స్థలం నైరుతి మూలగుండా, పడమటి హద్దు వెంట ఫానో క్రీక్ అనే వాగు ఏడాది పొడుగునా పారుతుంది. ఆ వాగు ఒడ్డున కొంత భాగం నూరేళ్ల వరద ప్రాంతంలో ఉంది. నూరేళ్ల వరద అంటే నూరేళ్లకొకసారి వచ్చేది అని కాక, ఏ సంవత్సరంలోనైనా రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉన్న వరద అని అర్థం చేసుకోవాలి.

యజమానురాలు దుకాణాన్ని దాదాపు రెట్టింపు చేసి 17,600 చదరపు అడుగులకు పెంచాలని, 39 వాహనాలు పట్టే పార్కింగ్‌ను చదును చేసి గట్టిపరచాలని, రెండవ దశలో అనుబంధ వ్యాపారాలకోసం మరొక కట్టడాన్ని లేపాలని దరఖాస్తు పెట్టుకుంది. ఆ మండలంలో అటువంటి విస్తరణ నగర జోనింగ్‌కు అనుగుణమైనదే. ప్లానింగ్ కమిషన్ కూడా అనుమతి నిరాకరించలేదు. నియమావళి చెప్పినట్టు రెండు షరతులతో ఇచ్చింది. వరద ప్రాంతంలో ఉన్న భూభాగాన్ని వాగు పారుదల మెరుగుదల కోసం నగరానికి సమర్పించాలి. దాన్ని ఆనుకుని మరో 15 అడుగుల వెడల్పు పట్టీని నడకకూ సైకిళ్లకూ ఉపయోగపడే బాట కోసం సమర్పించాలి. రెండూ కలిపితే సుమారు 7,000 చదరపు అడుగులు, అంటే స్థలంలో దాదాపు పదో వంతు. ఆ మండలంలో 15 శాతం స్థలాన్ని ఖాళీగా, పచ్చగా ఉంచాలన్న నియమాన్ని ఈ సమర్పణతోనే నెరవేర్చుకోవచ్చని నగరం వెసులుబాటు ఇచ్చింది. యజమానురాలు కోరిన వేరియన్స్‌ను కమిషన్ తోసిపుచ్చింది, నగర మండలి చిన్న మార్పుతో కమిషన్ ఉత్తర్వును ఖాయపరచింది.

కమిషన్ ఇచ్చిన కారణాలు తేలికగా కొట్టివేయదగినవి కావు. పార్కింగ్ గట్టిపడితే వాన నీరు నేలలో ఇంకక వాగులోకి ఎక్కువగా, వేగంగా చేరుతుంది; ఫానో క్రీక్ వెంట వరదలను తగ్గించడానికి నగరం అప్పటికే పారుదల ప్రణాళిక రూపొందించుకుని ఉంది. పెద్ద దుకాణానికి ఎక్కువమంది వస్తారు. రోజుకు సుమారు 435 అదనపు వాహన ప్రయాణాలు పుడతాయని అంచనా. పట్టణ కేంద్రంలో వాహనాల రద్దీని తగ్గించడానికి నగరం నడక, సైకిల్ బాటల ప్రణాళికను కూడా సిద్ధం చేసుకుంది. వాగు ఒడ్డున బాట ఉంటే కొందరు కొనుగోలుదారులు, ఉద్యోగులు దాన్ని వాడవచ్చని, అందువల్ల రద్దీ కొంత తగ్గవచ్చని కమిషన్ తన ఉత్తర్వులో రాసింది.

రెండు షరతులు, రెండు లెక్కలు

అప్పీళ్ల మండలి, ఒరెగన్ అప్పీలు కోర్టు, ఒరెగన్ సుప్రీంకోర్టు వరుసగా నగరం పక్షాన నిలిచాయి. వ్యవహారం డోలన్ వర్సెస్ సిటీ ఆఫ్ టైగార్డ్ అన్న పేరుతో అమెరికా సుప్రీంకోర్టుకు చేరి, 1994 జూన్ 24న ఐదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు చీలిన తీర్పుతో నగరానికి వ్యతిరేకంగా ముగిసింది. ప్రధాన న్యాయమూర్తి విలియం రెన్‌క్విస్ట్ రాసిన ఆ తీర్పు న్యాయపరంగా ఆధారపడింది ఏడేళ్ల కిందటి నోలన్ తీర్పు మీద. కాలిఫోర్నియా సముద్రతీరంలో చిన్న ఇంటి స్థానంలో పెద్ద ఇల్లు కట్టుకోవడానికి అనుమతిస్తూ, ఇంటి ముందరి ఇసుకతీరం వెంట ప్రజలు నడిచే హక్కును సమర్పించాలని తీర సంరక్షణ కమిషన్ కోరగా, రోడ్డు మీదనుంచి సముద్రం కనిపించకపోవడం అనే నష్టానికీ, తీరం వెంట నడిచే హక్కు అనే షరతుకూ సంబంధమే లేదని సుప్రీంకోర్టు 1987లో ఆ షరతును కొట్టివేసింది. నష్టానికీ షరతుకూ ఉండవలసిన ఈ లంకెను ఆవశ్యక సంబంధం అన్నారు.

టైగార్డ్‌లో ఆ లంకె ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది: గట్టినేలకూ వరదకూ సంబంధం ఉంది, పెద్ద దుకాణానికీ వాహనాల రద్దీకీ సంబంధం ఉంది. అందువల్ల అడగవలసిన రెండవ ప్రశ్న ఎంత అన్నది. రాష్ట్రాల న్యాయస్థానాల్లో అప్పటికి మూడు ధోరణులుండేవి. కొన్ని నగరం ఏదో సాధారణ కారణం చెబితే చాలన్నాయి, కొన్ని ఆ నష్టం పూర్తిగా ఆ దరఖాస్తు వల్లనే కలిగిందని కచ్చితంగా రుజువు చేయాలన్నాయి, ఎక్కువ భాగం సమంజసమైన సంబంధం కోరాయి. సుప్రీంకోర్టు మధ్యమార్గానికి దగ్గరగా నిలిచి, గణితశాస్త్ర కచ్చితత్వం అక్కర్లేదు గాని, షరతు స్వభావంలోనూ పరిమాణంలోనూ ప్రతిపాదిత కట్టడం కలిగించే ప్రభావానికి ఉజ్జాయింపుగానైనా సరితూగాలని, ఆ సరితూకాన్ని నగరమే ఆ స్థలాన్ని విడిగా పరిశీలించి నిర్ధారించాలని చెప్పింది. దీన్నే ఉజ్జాయింపు అనుపాతం అని పిలవవచ్చు.

ఈ కొలత పెట్టి చూసినప్పుడు రెండు షరతులూ రెండు భిన్నమైన కారణాలతో నిలవలేదు. వరద ప్రాంతంలో కట్టడం వద్దని నగరం చెబితే ఎవరూ ఆక్షేపించరు, ఆ నేల అప్పటికే వ్యాపార కట్టడాలకు దాదాపు పనికిరానిది. కాని కట్టవద్దని చెప్పడం వేరు, ఆ భూమిని ప్రజల రాకపోకలకు తెరిచి నగరానికి అప్పగించమనడం వేరు. వరద నివారణకు ఆ పచ్చటి పట్టీ ప్రైవేటు స్థలంగా ఉంటే ఎందుకు చాలదో, ప్రజలు అందులో నడిస్తేనే వరద ఎందుకు తగ్గుతుందో కమిషన్ ఎక్కడా చెప్పలేదు. అప్పగింతతో పోయేది నేల మాత్రమే కాదు. తన స్థలంలోకి ఎవరు రావచ్చో, ఎప్పుడు రావచ్చో నిర్ణయించే హక్కు కూడా పోతుంది, ఆస్తిహక్కులో అది మూలమైనదని కోర్టు భావించింది.

బాట విషయంలో లోపం మరో చోట ఉంది. అదనపు వాహనాలను నగరం ఒక సంఖ్యగా లెక్కకట్టింది; ఆ సంఖ్యలో ఎంత భాగాన్ని బాట తగ్గిస్తుందో మాత్రం ఎక్కడా అంచనా వేయలేదు. తగ్గే అవకాశం ఉందని చెప్పడం ఊహకు సరిపోతుంది, తగ్గుతుందనిగాని తగ్గడానికే ఎక్కువ ఆస్కారం ఉందనిగాని చెప్పాలంటే సాక్ష్యం కావాలి. నష్టం పక్షాన అంకె, ప్రయోజనం పక్షాన ఆశ ఉన్న ఉత్తర్వులో రెండింటినీ తూచడానికి వీలుండదు. రుజువు భారం నగరం మీదనే ఎందుకు ఉండాలన్న దానికి కోర్టు చెప్పిన కారణం ఫసానో తీర్పుకు చాలా దగ్గరగా ఉంటుంది: యూక్లిడ్ వంటి వ్యాజ్యాల్లో నగరమంతటికీ వర్తించే శాసనాన్ని సవాలు చేసేవారే దాని లోపాన్ని చూపాలి, ఇక్కడ నగరం ఒక్కరి దరఖాస్తు మీద, ఒక్క స్థలం మీద న్యాయనిర్ణయంలాంటిది చేసింది కనుక దాన్ని సమర్థించుకోవలసిన బాధ్యత నగరానిదే.

అసమ్మతిలోని బలం

ఈ తీర్పును చిన్న వ్యాపారి విజయంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్, బ్లాక్‌మన్, గిన్స్‌బర్గ్‌లతో కలిసి రాసిన అసమ్మతి ప్రణాళికకు గల అసలు కష్టాన్ని పట్టుకుంది. ఒక వాగులో వరద ఏ ఒక్క దుకాణం పార్కింగ్ వల్లనో రాదు. పదులకొద్దీ యజమానులు పదులకొద్దీ ఏళ్లలో కాస్త కాస్తగా గట్టిపరచిన నేలంతా కలిసి దాన్ని తెస్తుంది. అటువంటి పోగుబడే నష్టంలో ఒక్కొక్కరి వాటాను విడదీసి చూపమంటే, ఆ వాటా ఎప్పుడూ స్వల్పంగానే కనిపిస్తుంది, నగరం ఎప్పుడూ ఓడిపోతుంది, వరద మాత్రం ఆగదు. పైగా విస్తరణ వల్ల లాభపడేది వ్యాపారం. ఆ లాభంతోపాటు వచ్చే ప్రజాభారాన్ని భరించమని సమంజసమైన, పక్షపాతం లేని ప్రణాళిక కోరితే దాన్ని సక్రమమైనదిగా భావించి మొదలుపెట్టాలని స్టీవెన్స్ వాదించారు. న్యాయమూర్తి సౌటర్ వేరుగా అసమ్మతి రాశారు.

ఈ రెండు పక్షాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు తేలేది ఏమంటే, పోగుబడే నష్టాన్ని లెక్కపెట్టవలసిన చోటు ఒక్క దరఖాస్తు కాదు, ప్రణాళిక. పరీవాహక ప్రాంతంలో మొత్తం ఎంత నేల గట్టిపడవచ్చో, దానికి పారుదల ఎంత కావాలో, ఆ ఖర్చు ఎంతో నగరం ప్రణాళిక దశలోనే కట్టి ఉంచితే, ఏ దరఖాస్తు వచ్చినా చదరపు అడుగుకు ఇంత అని దాని వాటాను తీయడం సాధ్యమవుతుంది. టైగార్డ్ దగ్గర పారుదల ప్రణాళికా ఉంది, బాటల ప్రణాళికా ఉంది. ఆ ప్రణాళికలనుంచి ఒక్క స్థలం వాటాకు దిగే మెట్టు మాత్రం లేదు. కమిషన్ ఆ లోటును షరతుతో పూడ్చబోయింది.

తరువాతి ముప్ఫై ఏళ్లు

1994 తరువాత అమెరికా నగరాలు భూమికి బదులు డబ్బు కోరే పద్ధతిని మరింతగా ఆశ్రయించాయి. కొత్త కట్టడం రోడ్లమీద, పాఠశాలలమీద, పారుదలమీద మోపే భారానికి తగిన రుసుమును ప్రభావ రుసుము అంటారు. ఫ్లోరిడాకు చెందిన కూంట్జ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013లో, మళ్లీ ఐదుగురు నలుగురుగా చీలి, భూమికి బదులు డబ్బు కోరినా, షరతుకు ఒప్పుకోనందుకు అనుమతి నిరాకరించినా ఇదే పరీక్ష వర్తిస్తుందని చెప్పింది. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీ ఒక చిన్న ఇంటికి అనుమతి ఇవ్వడానికి 23,420 డాలర్ల రోడ్డు రుసుము వసూలు చేసిన వ్యాజ్యంలో 2024 ఏప్రిల్‌లో కోర్టు ఏకగ్రీవంగా మరో అడుగు వేసి, శాసనం ద్వారా అందరికీ నిర్ణయించిన రుసుమైనంత మాత్రాన అది ఈ పరీక్షకు అతీతం కాదని చెప్పింది. అయితే ఒక తరగతి కట్టడాలన్నిటికీ సగటు మీద కట్టిన రుసుమును ఎంత నిశితంగా పరీక్షించాలన్నది తరువాతి విచారణకు వదిలింది. మొత్తంగా చూస్తే సగటు లెక్క కట్టడం తప్పు కాదు, ఏ లెక్కా లేకుండా వసూలు చేయడమే ప్రమాదం అన్న దిశగా న్యాయం సాగుతోంది.

తెలుగు నేల మీద ఇదే ప్రశ్న

తెలుగు రాష్ట్రాల్లో పౌరులతో కూడిన ప్లానింగ్ కమిషన్ ఒక దుకాణం అనుమతిని బహిరంగంగా విచారించే పద్ధతి లేదు. కట్టడం అనుమతిని పురపాలక సంస్థ టౌన్‌ప్లానింగ్ విభాగం పరిశీలిస్తుంది, మాస్టర్ ప్లాన్‌లో భూవినియోగం మార్పును ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా చేస్తుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ నియంత్రణను పన్నెండవ షెడ్యూల్‌లో చేర్చి స్థానిక సంస్థల పరిధిలోకి తెచ్చినా, ఒక్కొక్క దరఖాస్తు మీద కారణాలు రాసే పౌరసంఘం మాత్రం ఏర్పడలేదు.

అయినా టైగార్డ్‌లో తలెత్తిన ప్రశ్న ఇక్కడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్ 7న జారీచేసిన 168వ నంబరు జీవో కట్టడాల నియమాలను ఒకచోట చేర్చింది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దునుంచి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువునుంచి 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలని ఆ నియమాలు చెప్పాయి. ఆ పట్టీ యజమానిదిగానే ఉంటుంది, ఖాళీస్థలం లెక్కలో చేర్చుకునే వెసులుబాటు కూడా ఉంటుంది. రోడ్డు విస్తరణలో పడే భాగాన్ని మాత్రం యజమాని ఉచితంగా అప్పగించాలి. దానికి ప్రతిగా కట్టడం చుట్టూ వదలవలసిన ఖాళీలో సడలింపు పొందవచ్చు, లేదా టీడీఆర్, అంటే పోయిన భూమికి బదులు మరొకచోట వాడుకోగల లేక అమ్ముకోగల నిర్మాణ హక్కును తీసుకోవచ్చు. కట్టవద్దనడానికీ అప్పగించమనడానికీ ఉన్న తేడాను ఈ నియమాలు గుర్తించాయనీ, రెండవదానికి ఎంతో కొంత ప్రతిఫలం పెట్టాయనీ ఒప్పుకోవాలి. అయితే మెయిన్ రోడ్డు మీద నూరు గజాల్లో దుకాణం ఉన్నవారికి పోయిన పది గజాలకు టీడీఆర్ పత్రం ఎంతవరకు సమానమన్నది లెక్క తేలని ప్రశ్నే.

భారత సుప్రీంకోర్టు కూడా ఈ సరిహద్దును తాకింది. ఢిల్లీ నగరపాలక సంస్థ ఒక లేఅవుట్‌ను ఆమోదిస్తూ పార్కుకూ పాఠశాలకూ కేటాయించిన స్థలాన్ని తనకు ఉచితంగా బదిలీ చేయాలని పెట్టిన షరతు చట్టాధారం లేనిదని పండిట్ చేత్ రామ్ వశిష్ట వ్యాజ్యంలో చెప్పింది. తమిళనాడులో పెద్ద స్థలాల అభివృద్ధికి పదో వంతు ఖాళీస్థలాన్ని దానంగా రాసివ్వాలన్న నియమాన్ని మాత్రం 2023లో సమర్థించింది. మొదటిదానిలో నియమం లేదు, రెండవదానిలో ఉంది. అంటే భారత న్యాయం ప్రధానంగా అడిగేది చట్టాధారం ఉందా అన్నది. అమెరికా న్యాయం దానితో ఆగక, చట్టాధారం ఉన్న షరతు కూడా ఈ స్థలానికి ఎంత తగినదని అడుగుతుంది. పెద్ద లేఅవుట్ల సంగతి ఎలా ఉన్నా, చిన్న వ్యాపారి విషయంలో రెండవ ప్రశ్నను కూడా అడగడం అవసరం, ఎందుకంటే సమానమైన నియమం అసమానమైన స్థలాల మీద పడినప్పుడు పదో వంతు పోయినా వ్యాపారం చేయగలవారు కొందరుంటారు, అంతే పోతే మూసుకోవలసినవారు మరికొందరుంటారు.

కమిషన్ రాయవలసింది

ఈ చర్చనుంచి అనుమతి ఇచ్చే ఏ సంస్థకైనా, అది ఒరెగన్‌లోని పౌరసంఘమైనా, తెలుగు పట్టణంలోని టౌన్‌ప్లానింగ్ విభాగమైనా, వర్తించే నాలుగు విధులు తేలుతాయి. ప్రతిపాదిత వ్యాపారం కలిగించే ప్రభావం ఏమిటో దాన్ని కొలవదగిన రూపంలో చెప్పాలి. కోరుతున్న షరతు ఆ ప్రభావాన్నే తగ్గిస్తుందని, వేరే కోరికను తీర్చుకోవడానికి పెట్టినది కాదని చూపాలి. కట్టవద్దనడం, రుసుము కోరడం వంటి తేలికైన మార్గం చాలని చోట మాత్రమే భూమిని అడిగినట్టు వివరించాలి. ప్రభావానికీ షరతుకూ మధ్య తూకం ఉజ్జాయింపుగానైనా ఎలా కుదిరిందో రాయాలి. టైగార్డ్ కమిషన్ మొదటి విధిని చాలావరకు, రెండవదాన్ని కొంతవరకు నెరవేర్చింది. మూడవదాన్ని, నాలుగవదాన్ని వదిలేసింది.

ఈ భారం నగరాన్ని నిర్వీర్యం చేస్తుందన్న భయానికి ఆధారం లేదు, ఎందుకంటే కోర్టు కొట్టివేసింది ఉద్దేశాలను కాదు, కారణం లేని కొలతను. వరదనుంచి రక్షణ, రద్దీ తగ్గింపు రెండూ ప్రశంసనీయమైన లక్ష్యాలేనని తీర్పే ఒప్పుకుంది. పైగా కారణాలు రాయవలసి రావడం వల్ల మొదట మేలు పొందేది కమిషనే. ఇంత భూమి ఎందుకు అన్న ప్రశ్నకు ఉత్తర్వు రాసేటప్పుడే జవాబు దొరకకపోతే ఆ షరతును అక్కడే సవరించుకోవచ్చు, అందుకోసం యజమానినీ నగరాన్నీ సంవత్సరాల తరబడి నాలుగు న్యాయవేదికల చుట్టూ తిప్పనవసరం లేదు. అప్పీలుకు పోగల స్తోమత ఉన్నవారు ఎలాగైనా తమ హక్కును కాపాడుకుంటారు. ఆ స్తోమత లేని వ్యాపారులు చాలామంది షరతు సరైనదో కాదో తెలియకుండానే భూమి రాసిచ్చి అనుమతి పత్రం తీసుకుని పోతారు, వారి పేరు ఏ తీర్పులోనూ కనిపించదు. కాబట్టి కారణంతో, కొలతతో కూడిన ఉత్తర్వు రాయవలసిన బాధ్యత కమిషన్‌కు న్యాయస్థానం భయం వల్ల కాక, న్యాయస్థానం దాకా వెళ్లలేని దరఖాస్తుదారు వల్లనే ఎక్కువగా ఏర్పడుతుంది.